బడిలో మాస్టారు, ఇంట నాన్నగారు

పఠన భాగములు: 1 సమూయేలు 2:12 – 3:18, ద్వితీయోపదేశకాండము 6:4-9, 20-25, 1 కొరింథీయులకు 4:14-21, మత్తయి 23:8-10.

సాయంకాలము అయిదు గంటలు దాటినది. ప్రాథమిక పాఠశాలలో పనిచేయు ఒక ఉపాధ్యాయుడు గుమ్మము ముందు బండి నిలిపి, దిద్దవలసిన నోటుపుస్తకముల సంచి భుజమునకు తగిలించుకొని లోపలికి వచ్చును. నాలుగేండ్ల కుమార్తె పలక పట్టుకొని ఎదురు పరుగెత్తును. పలక మీద “అ” అక్షరము తలక్రిందులుగా నున్నది. “నాన్నగారూ, చూడండి” అని ఆమె అనును. “తరువాత చూస్తానమ్మా, ఇప్పుడు కాదు” అని ఆయన అనును. ఆ మాటలో కోపము లేదు, అలసట మాత్రమే యున్నది. అయితే ఆ ఉదయముననే అదే అక్షరమును అట్లే తలక్రిందులుగా వ్రాసిన పరుల బిడ్డ చేయి పట్టుకొని ఆయన పదిసార్లు దిద్దించెను. పదునొకండవసారి ఆ బిడ్డ సరిగా వ్రాసినప్పుడు తరగతి యంతటిచేత చప్పట్లు కొట్టించెను.

ఇట్టి యిల్లు ఏ ఒక్క ఊరికో చెందినది కాదు. మిషను పాఠశాలల కాలమునుండి తెలుగు సంఘములలో ఉపాధ్యాయులకు కొదువ లేదు. పగలు పలకలు దిద్దించినవాడే సాయంకాలము ప్రార్థన నడిపించి, ఆదివారమున వాక్యము చెప్పిన గ్రామములు అనేకములు. వారి కుమారులు, మనుమరాండ్రు ఆ వృత్తినే చేపట్టి నేడు ఖర్గపూరు మొదలుకొని బొంబాయి వరకు పాఠములు చెప్పుచున్నారు. కనుక బిడ్డలు చిన్నవారై యుండగా ఒకే మనుష్యుడు బడికి గురువుగాను ఇంటికి తండ్రిగాను ఉండుట యెట్లు అను ప్రశ్న, ఈ పుటలు చదువు అనేక కుటుంబములలో రాత్రి భోజనపు వేళ మాటలాడక మాటలాడుకొను ప్రశ్నయే.

ఈ ప్రశ్నకు లోకజ్ఞానము సుళువైన జవాబు చెప్పును. పిల్లలతో మెలగుట యెరిగినవాడే గదా, ఇంట బిడ్డలను పెంచుట ఆయనకేమి కష్టమని అనును. వంటవాని యింట అందరును కడుపునిండ తిందురని అనుకొనుట వంటిదే ఇది. ఓర్పు అనునది కుండలోని నీటి వంటిది. ఉదయమునుండి ముంచి పోయగా సాయంకాలమునకు అడుగు కనబడును. నలువదిమంది అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి వచ్చిన వానికి నలువది యొకటవ ప్రశ్న సొంత బిడ్డది.

అలసట ఒక్కటే యైనచో ఒక గంట విశ్రాంతితో తీరును. వృత్తి మనుష్యునిలో కొన్ని అలవాట్లను నాటును. అవి విశ్రాంతితో తొలగునవి కావు. తరగతిలో వెనుక బల్ల వరకు వినబడుటకై పెంచిన కంఠస్వరము వంటగదిలోను అట్లే మ్రోగును. తప్పు ఎక్కడ నున్నదో వెదకుటకు అలవడిన కన్ను, బిడ్డ తెచ్చి చూపిన బొమ్మలో ఏనుగును చూడక, ఏనుగునకు అయిదు కాళ్లు వేసిన సంగతి చూచును. జవాబు తెలిసియే ప్రశ్న అడుగుట ఉపాధ్యాయుని పని. ఇంటనో, జవాబు తెలియని ప్రశ్నలనే బిడ్డ వినగోరును. “నీవు ఈ దినము దేనికి నవ్వితివి?” అను ప్రశ్నకు ఏ పాఠ్యపుస్తకము చివరను జవాబు ముద్రింపబడి యుండదు.

మరియొక సంగతి కలదు. మాస్టారి కొడుకు మొదటివాడుగా ఉండవలెనని ఊరంతయు కోరును. వానికి తక్కువ మార్కులు వచ్చిన యెడల సిగ్గుపడువాడు బిడ్డ కాడు, తండ్రియే. ఆ సిగ్గు కోపముగా మారి బిడ్డమీద పడుట ఎన్ని ఇండ్లలో జరుగుచున్నదో ఆ ఇండ్ల గోడలకే తెలియును.

షిలోహులోని వృద్ధ గురువు

పరిశుద్ధ గ్రంథములో ఈ చిక్కును మోసిన మొదటివారిలో ఏలీ యొకడు. ఏలీని గూర్చి మన ప్రసంగములలో సాధారణముగా ఒక తీర్పు మాత్రమే వినబడును: ఆయన చెడ్డ తండ్రి. అయితే ఆ అధ్యాయములను నిదానముగా చదివిన చదువరికి మరియొక సంగతియు కనబడును. ఆయన మంచి గురువు.

పాలు విడిచిన పిల్లవాడుగా సమూయేలు ఆయనయొద్ద విడువబడెను. తల్లి ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తెచ్చుటతప్ప ఆ బిడ్డ పెంపకమంతయు మందిరములోనే జరిగెను. ఆ రాత్రి సంగతి జ్ఞాపకము చేసికొనుడి. దృష్టి మందగించిన వృద్ధుడు నిద్రలో నున్నాడు. బాలుడు పరుగెత్తి వచ్చి లేపెను. పిలువలేదు, పోయి పండుకొమ్మని ఏలీ చెప్పెను. రెండవసారియు లేపెను. అప్పుడును విసుగుకొనక, “కుమారుడా” అను పిలుపుతోనే ఏలీ ఆయనను పంపెను. మూడవసారి లేపినప్పుడు ఆ గురువు గ్రహించినదేమనగా, ఈ బిడ్డను పిలుచుచున్నది తనకంటె గొప్పవాడు. వెంటనే ఆయన ఆ పిలుపునకు ఎట్లు ఉత్తరమియ్యవలెనో ఒక చిన్న వాక్యములో నేర్పి, తాను ప్రక్కకు తొలగెను. ఒకే రాత్రి మూడుసార్లు నిద్ర చెడగొట్టిన పిల్లవానితో ఇట్లు మాటలాడిన ఉపాధ్యాయుడు అరుదు. మరునాడు ఆ శిష్యుని నోటనుండి తన యింటిమీది తీర్పును విన్నప్పుడు కూడ ఆయన శిష్యునిమీద కోపపడలేదు.

ఈ ఏలీయే హొఫ్నీ ఫీనెహాసుల తండ్రి. వారి దుష్ప్రవర్తన విని ఆయన మందలించిన మాట వాస్తవమే. రెండవ అధ్యాయములో ఆ మందలింపు వ్రాయబడియున్నది. అందులోని మాటలలో తప్పు లేదు, అది చక్కని ఉపదేశము. అయితే వాక్యము రెండు సంగతులను మన యెదుట నుంచుచున్నది. మొదటిది, ఆయన బహు వృద్ధుడైన తరువాత ఆ మాటలు చెప్పెను. రెండవది, వారిని అడ్డగింపలేదు. ఆయన పాఠము చెప్పెను. చేయి పట్టుకొని ఆపలేదు. బోధించుటకు అలవాటుపడినవాడు ఇంట కూడ బోధించుటతో తన బాధ్యత తీరినదనుకొనుట ఎంత సులభమో ఇక్కడ చూడవచ్చును. శిష్యుని విషయములో ఆయన లేచి, విని, గ్రహించి, దారి చూపెను. కుమారుల విషయములో ఆయన ప్రసంగించెను.

ఇంకను ఆశ్చర్యమేమనగా, ఆ యింటి పతనమును కన్నులార చూచి పెరిగిన సమూయేలు ఇంటనే అట్టి దుఃఖము మరల కనబడుచున్నది. ఆయన ఏటేట బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయము తీర్చి, రామాలోని తన యింటికి వచ్చుచుండెడివాడు. ప్రవక్తల సమాజమునకు పెద్దగా నుండెను. ఆయన కుమారులైన యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచములు పుచ్చుకొనిరి. అయితే ఇందునుగూర్చి వాక్యము సమూయేలును నిందింపలేదు. ఆ మౌనమును మనము గౌరవింపవలెను. తండ్రి సరిగా నున్నను బిడ్డ త్రోవ తప్పవచ్చును. ప్రతి ఉపాధ్యాయుని బిడ్డ తప్పునకు ఉపాధ్యాయుని నిందించు ఊరివారు ఈ అధ్యాయమును మరియొకసారి చదువుట మంచిది.

ఉపదేశకుడు, తండ్రి

కొరింథు సంఘమునకు వ్రాయుచు అపొస్తలుడైన పౌలు ఈ రెండు పనులను ప్రక్కప్రక్కన నుంచి తూచెను. వారికి ఉపదేశకులు వేలకొలది యున్నను తండ్రులు కొద్దిమందియే యని, సువార్త ద్వారా తాను వారిని కన్నాననియు ఆయన భావము. ఇక్కడ ఉపదేశకులు అని తెలుగు బైబిలులో తర్జుమా చేయబడిన గ్రీకు మాట “పైదగోగొస్”. గలతీయుల పత్రిక మూడవ అధ్యాయములో ధర్మశాస్త్రమును బాలశిక్షకుడు అని చెప్పినచోట నున్నదియు ఇదే మాట. తెలుగులో రెండు వేర్వేరు మాటలగుటచేత మనకు ఆ సంబంధము కనబడదు.

ఆ కాలపు గ్రీకు ఇండ్లలో పైదగోగొస్ అనగా పాఠము చెప్పు పంతులు కాడు. బాలుని బడికి తీసికొనిపోయి, వాని వస్తువులు మోసి, దారిలో వాని నడత కనిపెట్టి, మరల ఇంటికి చేర్చు దాసుడు. ఆనాటి చిత్రములలో తరచుగా వాని చేత కర్ర యుండును. వాడు బాలుని ప్రేమింపవచ్చును, ప్రేమింపకపోవచ్చును. ప్రేమించుట వాని పనిలో చేరినది కాదు. బాలుడు పెద్దవాడైనప్పుడు వాని పని ముగియును. తండ్రి పని ముగియదు. ఆ అధ్యాయము చివర పౌలు ఆ కర్ర సంగతినే యెత్తి, బెత్తము పట్టుకొని రావలెనా, ప్రేమతో సాత్వికముతో రావలెనా యని వారినే అడిగెను. అధికారము గల ఉపదేశకుని స్థానమునుండి ఆయన తండ్రి స్థానమునకు దిగివచ్చుట (లేక ఎక్కివచ్చుట) ఆ ప్రశ్నలో కనబడుచున్నది.

బెత్తమును గూర్చి ఇక్కడ ఒక మాట. మన దేశములో 2009లో చేయబడి 2010 ఏప్రిలు 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము తన 17వ విభాగములో బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. కనుక ఉపాధ్యాయుని చేయి బడిలో చట్టముచేత పట్టుకొనబడి యున్నది. తనిఖీకి వచ్చు అధికారి గలడు, ఫిర్యాదు చేయు తల్లిదండ్రులు గలరు. ఇంట తనిఖీ లేదు. పగలంతయు పరుల బిడ్డలయెదుట అదుపులో నుంచుకొన్న చేయి, అడుగువారు లేని చోట లేచుట కలదు. తలుపు మూసిన తరువాత ఆయన ఎట్టివాడో ఆయన బిడ్డలకు మాత్రమే తెలియును.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు తండ్రులకు రెండు సంగతులు చెప్పెను: బిడ్డలకు కోపము పుట్టింపకూడదు, ప్రభువు మార్గములో వారిని పెంచవలెను. అక్కడ శిక్ష యని మనము చదువు మాట “పైదేయా”. గ్రీకులు విద్యాభ్యాసమంతటికిని వాడిన మాట అదే. అనగా పౌలు బడి మాటను తెచ్చి తండ్రి చేతికిచ్చెను, కాని ఇచ్చుటకు ముందు కోపమును గూర్చిన హెచ్చరిక నిచ్చెను. కొలొస్సయులకు వ్రాసినప్పుడు ఆ హెచ్చరికకు కారణమును చెప్పెను: బిడ్డలు మనస్సు క్రుంగిపోవుదురు. ప్రతిదినము తరగతి గదిలో కూర్చుండువానికి ఈ కారణము క్రొత్తది కాదు. క్రుంగిన బిడ్డ ఎట్లుండునో ఆయన ఎరుగును: ప్రశ్న అడుగుట మానును, కన్నులు దించుకొనును, తెలిసిన జవాబు కూడ చెప్పదు. పరుల బిడ్డలో ఆ గుర్తులను వెంటనే కనిపెట్టువాడు తన బల్లయొద్ద అన్నము తినుచున్న బిడ్డలో కనిపెట్టక పోవుటయే విషాదము.

దారిలో చెప్పు పాఠము

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో తండ్రి బిడ్డలకు నేర్పవలసిన వేళలు చెప్పబడినవి: ఇంట కూర్చున్నప్పుడు, దారిని నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. చదువరి గమనింపవలసినదేమనగా, ఈ నాలుగింటిలో బడి గంట లేదు. నల్లబల్ల లేదు. నేర్పుట అని అక్కడ వాడబడిన హెబ్రీ మాటకు పదును పెట్టుట యను భావముతో సంబంధమున్నది. కత్తిని రాతిమీద మరల మరల నెమ్మదిగా రాచినట్లు. పదును ఒక్క పెట్టున రాదు, గట్టిగా కొట్టినచో అంచు విరుగును.

అదే అధ్యాయము చివర కుమారుడు ప్రశ్న అడుగును: ఈ కట్టడల భావమేమి? ఉపాధ్యాయుడైనచో కట్టడలను ఒకటి రెండు అని వివరించును. మోషే తండ్రికి నేర్పిన జవాబు అట్లు మొదలుకాదు. అది ఒక కథగా మొదలగును: మనము ఐగుప్తులో దాసులమై యుంటిమి. “మీరు” కాదు, “మనము”. తండ్రి తనను కూడ ఆ కథలో చేర్చుకొనును. తాను బడిలో దెబ్బలు తిన్న దినము, ఎక్కములు రాక ఏడ్చిన రాత్రి, పరీక్ష తప్పిన సంవత్సరము బిడ్డకు చెప్పగల ఉపాధ్యాయుడు ఎంతమందికి గలడు? సామెతల గ్రంథము నాల్గవ అధ్యాయములో బోధించు తండ్రి హఠాత్తుగా ఆగి, తానును ఒకప్పుడు తన తండ్రికి కుమారుడుగా, తల్లికి సుకుమారుడుగా నుంటినని జ్ఞాపకము చేసికొనును. పాఠము మధ్యలో వచ్చిన ఆ జ్ఞాపకము పాఠమునకు అడ్డము కాలేదు.

ఒకే తరగతిలో

చిన్న గ్రామములలో, ముఖ్యముగా ఏకోపాధ్యాయ పాఠశాలలలో, తండ్రియొద్దనే బిడ్డ చదువుట తప్పదు. అక్కడ చిక్కు మరింత ముడిపడును. బిడ్డ ఆయనను ఏమని పిలువవలెను? ఇంట “నాన్నగారు”, బడిలో “మాస్టారు”. ఆరేండ్ల బిడ్డకు ఈ మార్పు తేలిక కాదు. తరగతి మధ్యలో “నాన్నా” అని నోరు జారినప్పుడు అందరును నవ్వుదురు. ఆ నవ్వుకు తండ్రి కూడ నవ్వినచో బిడ్డ తేరుకొనును. కన్నెర్ర చేసినచో ఆ బిడ్డ ఆ దినము ఇద్దరిని పోగొట్టుకొనును.

పక్షపాతము చూపుచున్నాడని ఇతరులు అనుకొందురేమో యను భయమున ఉపాధ్యాయుడు సొంత బిడ్డపట్లనే ఎక్కువ కఠినముగా నుండుట సాధారణము. చేయి యెత్తినను జవాబు చెప్పుటకు పిలువడు. మొదటి మార్కు వచ్చినను మెచ్చుకొనడు. ఇది న్యాయమువలె కనబడును గాని న్యాయము కాదు. తన పేరు కాపాడుకొనుటకు బిడ్డ వాటాను తీసి ఊరివారికి పంచుటయే ఇది. ధర్మశాస్త్రము పేదవాని వ్యాజ్యెములో కూడ పక్షపాతము కూడదని చెప్పునప్పుడు (నిర్గమకాండము 23:3), ఎవని పట్ల వంగినను వంకర వంకరయే యని నేర్పుచున్నది.

దీనికి కొందరు ఉపాధ్యాయులు కనుగొనిన ఉపాయము చిన్నదే యైనను పనికివచ్చునది. బడికి నడచు దారిలో ఒక గురుతు పెట్టుకొందురు, చెరువు గట్టున ఉన్న చింతచెట్టో, మలుపునందలి బావియో. ఉదయము అక్కడివరకు నాన్నగారు, ఆవల మాస్టారు. సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు ఆ చెట్టు దాటగానే నాన్నగారు. ఆ చెట్టు దాటిన తరువాత ఆ దినపు తప్పుల ప్రస్తావన చేయరు. ఇంట నోటుపుస్తకముల సంచి తెరుచుటకు ముందు ఒక అరగంట నేలమీద కూర్చుండుట కూడ ఇట్టిదే. కుర్చీలో కూర్చున్నవాడు మాస్టారువలెనే యుండును. నేలమీద కూర్చున్న వాని వీపుమీదికి మూడేండ్ల బిడ్డ ఎక్కును.

ప్లేగులో బిడ్డలను పోగొట్టుకొనిన గురువు

సంఘ చరిత్రలో ఉపాధ్యాయుడును తండ్రియునైన వారిలో యాన్ ఆమోస్ కొమెనియస్ పేరు మరువరానిది. ఆయన 1592లో మొరావియాలో జన్మించి, సహోదరుల ఐక్య సంఘములో పాదిరియై, పాఠశాలలు నడిపించెను. ముప్పది యేండ్ల యుద్ధములో 1621లో సైనికులు ఆయన పనిచేయు ఫుల్నెక్ పట్టణమును దోచి తగులబెట్టిరి. మరుసటి సంవత్సరము ఆయన యౌవనపు భార్యయు, ఇద్దరు చిన్న బిడ్డలును ప్లేగు వ్యాధితో మరణించిరి. తరువాత ఆయన దేశభ్రష్టుడై 1628లో పోలండులోని లెష్నో పట్టణము చేరి, అక్కడి పాఠశాలలో బోధించెను.

అక్కడ, రెండవ వివాహమున కలిగిన కుమార్తెలు ఇంకను శిశువులై యుండగా, ఆయన తల్లి ఒడిలోని బడిని గూర్చి ఒక చిన్న గ్రంథము వ్రాసెను. అది 1633లో జర్మను భాషలో అచ్చుపడెను. మొదటి ఆరేండ్లలో బిడ్డ ఏమి నేర్చుకొనవలెనని ఆయన చెప్పినదో చూచినయెడల ఈ కాలపు తల్లిదండ్రులు ఆశ్చర్యపడుదురు. భూగోళ శాస్త్రమనగా వంటగది ఎక్కడ, పడకగది ఎక్కడ, తోట ఎక్కడ అని తెలిసికొనుట. ఖగోళ శాస్త్రమనగా సూర్యుని, చంద్రుని పేరు పెట్టి పిలుచుట. చరిత్ర యనగా నిన్న ఏమి జరిగినదో జ్ఞాపకముంచుకొనుట. గణితమనగా పదివరకు లెక్కించి, మూడు రెండుకంటె ఎక్కువయని గ్రహించుట. ఆరేండ్లకు ముందు బిడ్డను తల్లి చేతినుండి తీసి బడికి పంపవద్దనియు ఆయన హెచ్చరించెను. మూడేండ్లకే ఎల్.కె.జి.లో చేర్చి, ఇంటిపని చేయలేదని కోపపడు తండ్రి ఉపాధ్యాయుడైనచో, తన వృత్తికి మూలపురుషులలో ఒకడైన ఈయన మాట వినుట న్యాయము. ఇద్దరు బిడ్డల చిన్న సమాధులు వెనుక విడిచి వచ్చినవాడు శిశువుయొక్క దినములను తొందరపెట్టకపోవుటలో వింత లేదు.

మార్టిన్ లూథరు సంగతి క్లుప్తముగా. ఆయన విట్టెన్‌బర్గు విశ్వవిద్యాలయ ఆచార్యుడు. 1530లో ఔగ్స్‌బర్గు సభ జరుగుచుండగా ఆయన కోబర్గు కోటలో ఉండవలసి వచ్చెను. జూను నెల మొదట తన తండ్రి మరణవార్త అందెను. ఆ నెల 19వ తేదీన ఆయన నాలుగేండ్ల కుమారుడు హాన్సునకు ఒక ఉత్తరము వ్రాసెను. అందులో వేదాంతము లేదు. పిల్లలు పండ్లు ఏరుకొను ఒక తోట, బంగారు కళ్లెములు గల చిన్న గుఱ్ఱములు, ప్రార్థన చేసి చదువుకొను పిల్లవానికి ఆ తోటలో చోటు, వాని స్నేహితులకును చోటు. రాజులయెదుట తలవంచని పండితుడు నాలుగేండ్ల బిడ్డ కన్నుల ఎత్తునకు వంగి వ్రాసిన ఉత్తరమది.

అగస్టీను, ఆయన కుమారుడు

అగస్టీను బిషప్పు కాకముందు వృత్తిచేత ఉపాధ్యాయుడు. తగస్తేలోను, కార్తేజిలోను, రోమాలోను, 384 నుండి మిలానులోను బోధించి జీవించెను. తాను చిన్నతనమున బడిలో దెబ్బలు తినుట, కొట్టబడకుండ కాపాడుమని దేవునికి ప్రార్థించుట, ఆ దెబ్బల సంగతికి తన తల్లిదండ్రులే నవ్వుట — ఇవన్నియు ఆయన నడివయస్సులో తన ఒప్పుకోలు గ్రంథమున వ్రాసెను. నలువది యేండ్లు దాటినను ఆ నవ్వు ఆయనకు మరుపు రాలేదు.

ఆయన పదునెనిమిది సంవత్సరముల ప్రాయమున ఒక కుమారునికి తండ్రి యయ్యెను. అది వివాహబంధము కాదు. ఆ సంగతిని ఆయన దాచలేదు, మనము దాచనవసరము లేదు. కోరకుండ పుట్టిన బిడ్డ పుట్టిన తరువాత తన్ను ప్రేమింపజేసికొనునని ఆయన వ్రాసినది సొంత అనుభవమే. బిడ్డకు అదేయొదాతుస్ అని పేరు. దేవునిచేత ఇయ్యబడినవాడని దాని అర్థము. మన భాషలో దేవదత్తుడనవచ్చును. బాలుడు పెరిగినదంతయు పాఠములు చెప్పు తండ్రి ఇంటనే. అతని తల్లిని ఆఫ్రికాకు తిరిగి పంపివేసినప్పుడు బిడ్డ తండ్రియొద్దనే విడువబడెను. ఆ యెడబాటు ఆ బాలునికి ఎట్లు తోచినదో ఎవరును వ్రాయలేదు.

386లో అగస్టీను బోధకవృత్తిని విడిచెను. 387 ఈస్టరు వేళ మిలానులో తండ్రికొడుకులు కలిసి బాప్తిస్మము పొందిరి. కుమారునికి అప్పుడు సుమారు పదునైదేండ్లు. తరువాత వారు ఆఫ్రికాకు తిరిగి వచ్చి, సుమారు 389లో, “గురువును గూర్చి” అను పేరుగల గ్రంథము పుట్టినది. అది తండ్రికొడుకుల సంభాషణ. మాటలాడునప్పుడు మన ఉద్దేశమేమని తండ్రి మొదట అడుగును. నేర్పుటకైనను నేర్చుకొనుటకైనను అని బాలుడు చెప్పును. అక్కడనుండి ప్రశ్నలు సాగును. తండ్రి బాలుని తప్పుదారి పట్టించి చూచును, బాలుడు ఎదిరించును, తండ్రి ఒప్పుకొనును. నడుమ ఒకచోట ఇంతవరకు చెప్పుకొన్నదంతయు సంగ్రహముగా తిరిగి చెప్పుమని అడుగగా బాలుడు చక్కగా చెప్పును. ఆ గ్రంథములో కుమారుని పేర నున్న తలంపులన్నియు నిజముగా ఆ కుమారునివే యని, అప్పటికి వానికి పదునారేండ్లేయని అగస్టీను తరువాత సాక్ష్యమిచ్చెను. వాని తెలివి తనకు భయము పుట్టించెడిదనియు వ్రాసెను. తరగతిలో మొదటివాడని చంకలు కొట్టుకొను తండ్రి భయమిది కాదు. ఈ బిడ్డలో తాను చేయని పని ఒకటి జరుగుచున్నదని గ్రహించిన గురువు భయము.

ఆ సంభాషణ చేరిన ముగింపు ఇది: మనుష్యుడు పలుకు మాట బయటనుండి గుర్తు చేయగలదు, చూపుడు వ్రేలివలె చూపగలదు; లోపల సత్యమును తెలియజేయువాడు క్రీస్తు ఒక్కడే. మత్తయి ఇరువది మూడవ అధ్యాయములో ప్రభువు భూమిమీద ఎవరును బోధకుడనియు, తండ్రి యనియు పిలువబడకూడదని చెప్పిన మాటలు ఇక్కడ వెలుగిచ్చుచున్నవి. ఒకే శ్వాసలో ఆ రెండు బిరుదులను ప్రభువు తీసికొనెను. రెండు బిరుదులును ధరించి అలసిన మనుష్యునికి ఇది గద్దింపుగా వినబడును. మరల చదివినచో ఇది బరువు దించుటగా కూడ వినబడును. బిడ్డ లోపల జరుగవలసిన పని తన చేతిలో లేదు. ఏలీ ఆ రాత్రి సమూయేలు విషయములో గ్రహించినదియు, తన కుమారుల విషయములో ఎన్నడు గ్రహించెనో వ్రాయబడనిదియు ఇదే.

అదేయొదాతుస్ ఆ తరువాత ఎక్కువ కాలము జీవింపలేదు. యౌవనములోనే మరణించెను. అతడు వ్రాసిన పుస్తకములు లేవు. తండ్రితో కూర్చుండి మాటలాడిన ఆ గ్రంథము మాత్రము నిలిచియున్నది. దానిలో తండ్రి సుదీర్ఘముగా మాటలాడి, ఇప్పుడు నీకేమి తోచుచున్నదని కుమారుని అడుగును. కడపటి మాట గురువైన తండ్రిది కాదు, ఆ బాలునిదే. మాటలచేత తాను జ్ఞాపకము మాత్రమే పొందితిననియు, లోపల నివసించువాడే తనకు నేర్పుచున్నాడనియు, తాను ఎదిగిన కొలది ఆయనను మరి యెక్కువగా ప్రేమింతుననియు వాడు చెప్పును. తండ్రి దానికి ఏమియు చేర్చలేదు.